జోయల్ పనిచేసిన ఏడేండ్లు

ఫోన్ మోగినప్పుడు మహేశ్వరి బేరింగుల డబ్బాల మీద నంబర్లు రాస్తోంది. వరికోతల కాలం. ఎల్లారెడ్డిలో బాన్సువాడ రోడ్డు మీదున్న ఆ షెడ్డు ముందు మూడు హార్వెస్టర్లు ఒళ్లంతా బురదతో నిలబడి ఉన్నాయి. లోపల సుత్తెల మోత. ఒక చెవి మూసుకుని రెండో చెవికి ఫోన్ ఆనించుకుంది.

షెడ్డు రాజేశం సేటుది. వరికోత మిషన్లు బాగుచేయడం, వాటి సామాను అమ్మడం అతని వ్యాపారం. మహేశ్వరి తొమ్మిదేళ్లుగా అక్కడ కౌంటర్‌లో కూర్చుంటోంది. ఏ ఊళ్లో ఎవరి మిషన్ ఆగిందో ఫోన్‌లో విని రాసుకోవడం, మెకానిక్‌ను అక్కడికి తోలడం ఆమె పని. కొత్త నంబరు అంటే ఎవరో రైతు కంగారుగా అరుస్తాడనే అనుకుంటుంది. కానీ ఈ నంబరు ఢిల్లీది. అవతలి మనిషి హిందీలో, ఏమాత్రం తొందర లేకుండా మాట్లాడుతున్నాడు.

షెడ్డు పేరు అడిగాడు. ఆమె పేరు అడిగాడు. తర్వాత, "గంధం జోయల్ అనే మనిషి మీ దగ్గర మెకానిక్‌గా పనిచేశాడా? ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?" అన్నాడు.

మహేశ్వరికి అనుమానం వచ్చింది. మీరెవరని అడిగితే అతను ఏదో ఆఫీసు పేరు చెప్పాడు. సుత్తెల మోతలో వీసా అన్న మాట ఒక్కటే వినబడింది. మొన్ననే వాళ్ల గల్లీలో ఒకావిడకు ఇలాగే నెమ్మదిగా మాట్లాడే ఫోన్ వచ్చింది, పోలీసులమని చెప్పి రోజంతా ఆమెను గదిలోంచి కదలనివ్వలేదు. అదొకటి. రెండోది, సేటు మాట. రెండేళ్ల కింద లేబర్ ఆఫీసు వాళ్లు పక్కనున్న రైస్‌మిల్లుకు వచ్చి పోయిన రోజే అతను కౌంటర్ మీద వేలు ఆనించి చెప్పాడు: "ఎవలు అడిగినా ఈడ ఇద్దరే పనోళ్లని చెప్పు. మూడో పేరు నీ నోట్లకెంచి రావద్దు." అప్పుడూ ఇప్పుడూ షెడ్డులో పనిచేసేది ఆరుగురు.

"ఆ పేరుతోని ఎవలూ లేరు సార్," అంది మహేశ్వరి తన హిందీలో. "ఎన్నడూ లేకుండె. ఈడ ఇద్దరే పనిచేస్తరు."

"నిజమేనా మేడం? సరిగా గుర్తు చేసుకోండి."

"పక్కా సార్."

అతను ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు. ఆ ధన్యవాదాలే ఆమెకు మింగుడు పడలేదు. మోసం చేసేవాడు పని కాకపోతే తిడతాడు, లేకపోతే మళ్లీ గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఇతను అడగాల్సింది అడిగి, విన్నది రాసుకున్నట్టుగా పెట్టేశాడు.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చిన రాజేశంకు ఆ సంగతి చెప్పింది. తాళంచెవుల గుత్తిని మేకుకు తగిలించబోతున్న అతని చెయ్యి అక్కడే ఆగింది.

"ఏ జోయల్? మన జోయలా?"

"మనోడే అనుకుంట సేటు. గంధం జోయల్ అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"మీరు చెప్పుమన్నట్టే చెప్పిన. లేడన్న."

రాజేశం రోడ్డు వైపు చూశాడు. "మంచిగ చెప్పినవ్," అని లోపలికి పోయాడు.

చిన్న ఫోన్ వచ్చినా పది ప్రశ్నలు వేసే మనిషి. ఆ రోజు ఒక్కటీ వేయలేదు. అది మహేశ్వరి మనసులో ఇసుక రేణువులా మిగిలింది.

*

మూడు వారాల తర్వాత జోయల్ కామారెడ్డి బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు.

దోమకొండకు చెందిన యాకూబు కొడుకు అతను. ఇరవై రెండేళ్ల వయసులో ఇక్కడ చేరి, రాజేశం చేతి కిందే పని నేర్చుకున్నాడు. ఏడేళ్లు చేశాడు. కోతల కాలంలో అతని కాళ్లు తప్ప మనిషి కనబడేవాడు కాదు, ఎప్పుడూ ఏదో ఒక మిషన్ కిందే ఉండేవాడు. పెళ్లయ్యాక భార్య కృపారాణికి కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఉండటంతో అక్కడికే మారి, ట్రాక్టర్ల వర్క్‌షాపులో కుదిరాడు. న్యూజిలాండ్‌లో పొలం మిషన్లు బాగుచేసే పనికి ఎంపికయ్యాడని ఎవరో చెప్పగా మహేశ్వరి విన్నది. ఫోన్‌లో వీసా అన్న మాట విన్నప్పుడు ఆ సంగతి గుర్తుకు రానేలేదు. ఇప్పుడు అతని చేతిలో కాగితం చూడగానే గుర్తుకొచ్చింది.

"సేటు, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పుండ్రి," అన్నాడు జోయల్ నిలబడే. "వీసా ఆఫీసోళ్లు ఈడికి ఫోన్ చేసిండ్రట. గా పేరుతోని ఎవలూ పనిచెయ్యలేదని చెప్పిండ్రట. నేను పెట్టిన కాయితం దొంగ కాయితమంటున్నరు. ఇరవై ఒక్క రోజులల్ల రుజువు చూపియ్యకుంటే ఇగ వీసా లేదు. మల్ల పెట్టుకునుడు గూడ కష్టమేనట. అండ్ల వారం రోజులు ఇప్పటికే పోయినయ్."

"ఈడికి ఏ ఫోనూ రాలే," అన్నాడు రాజేశం.

"ఫలానా తారీఖు, ఫలానా గంటకు అని రాసిండ్రు సేటు."

"రాస్తరు. ఎవనికో చేసి నా పేరు రాస్తరు. నాకేం ఎరుక?"

జోయల్ కౌంటర్ వైపు తిరిగాడు. "అక్కా, ఫోన్ నీ దగ్గరనే ఉంటది గదా. నీకు గూడ ఎరుక లేదా?"

మహేశ్వరి రాజేశం వైపు చూడలేదు. చూడకుండానే అతను తన వైపు చూస్తున్నాడని తెలిసింది.

"నాకు తెల్వది జోయల్," అంది.

జోయల్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మళ్లీ సేటు వైపు తిరిగి, "నేనీడ పనిచేసిన్నని గా ఉత్తరం మీరే ఇచ్చిండ్రు గదా. మల్లొక్కటి రాసియ్యుండ్రి. నోటరీ చేపిచ్చుకుంట," అన్నాడు.

"ఒక్కసారి ఇచ్చిన. మల్ల మల్ల ఇచ్చుడు ఉండదు. నీ వీసా కోసం నా గల్లా పట్టుకుంటరా?"

జోయల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దూర్చుకుని వెళ్లిపోయాడు. పాత స్నేహితులను పలకరించడానికైనా షెడ్డు లోపలికి తొంగిచూడలేదు. అందులో ఎవరు తన మీద పగబట్టారోనన్న అనుమానం అతని నడకలోనే కనబడింది.

మహేశ్వరికి మాత్రం ఒకే మాట చెవిలో గింగురుమంటోంది. ఉత్తరం మీరే ఇచ్చిండ్రు గదా. అంటే సేటు ఏనాడో ఉత్తరం రాసిచ్చాడు. ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఫోన్‌కు ఆమె అలా జవాబు ఇచ్చేదే కాదు. పోనీ మరిచిపోయాడనుకుందాం, తను జోయల్ పేరు చెప్పిన రోజు అతని చెయ్యి ఎందుకు ఆగింది?

మర్నాడు రాజేశం బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆమె సామాన్ల గదిలోకి వెళ్లింది. ఏ రోజు ఏ మిషన్‌కు ఏం పని జరిగింది, ఎవరు చేశారు అని తన చేత్తో రాసిన పాత రిజిస్టర్లు పై అరలో ఉండాలి. జోయల్ చేసిన పనికి పక్కన 'జో' అని రాసేది. స్టూలు ఎక్కి చూసింది. అర ఖాళీ. దుమ్ములో రిజిస్టర్లు ఉన్నంత మేర నలుచదరంగా శుభ్రంగా ఉంది. ఈ మధ్యనే తీశారు.

"రిజిస్టర్లు ఏమైనయ్ సేటు?" అని అడగాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ సాయంత్రం అతనే వచ్చి, "నిన్న జోయల్ పోయినంక నీకు ఫోన్ గిట్ల చేసిండా?" అన్నాడు. లేదంటే, "చేస్తే నాకు చెప్పు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మహేశ్వరికి నచ్చలేదు.

*

ఆదివారం ఆమె లింగంపేట మీదుగా పోయే బస్సెక్కి కామారెడ్డిలో దిగింది. దేవునిపల్లిలో జోయల్ ఇల్లు కనుక్కుని తలుపు కొట్టింది. తీసింది కృపారాణి. మహేశ్వరిని చూసి, ఆమె వెనక రోడ్డు మీద ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది.

"మీ సేటు తోలిండా?"

"లేదమ్మా. నేనే వచ్చిన."

"మేం ఏం చేస్తున్నమో చూసి పొమ్మన్నడా?"

"నేను వచ్చింది ఆయనకు ఎరుకనే లేదు."

కృపారాణి లోపలికి రానిచ్చింది కానీ కూర్చోమనలేదు. టేబుల్ మీద ఫోన్ పెట్టి, మహేశ్వరికి కనబడేలాగే రికార్డింగు ఆన్ చేసింది.

"రికార్డు చేస్తున్నవా?"

"చేస్తున్న. మీ షెడ్డోళ్ల మాట మీద నాకు నమ్మకం లేదు. నొచ్చుకుంటే నొచ్చుకో."

"చెయ్యి, మంచిదే," అంది మహేశ్వరి. నిలబడే చెప్పింది. "గా ఫోన్ ఎత్తింది నేనే. జోయల్ పనిచెయ్యలేదని చెప్పింది నేనే. మొన్న నాకు తెల్వదన్న గదా, అది గూడ అబద్ధమే."

కృపారాణి ముఖం ఎర్రబడింది. "ఏం పాపం చేసిండు నీకు? అక్కా అక్కా అని తిరిగెటోడు. ఎంతమంది ఇండ్ల అన్నం నోటికాడికి వచ్చినంక లాగేస్తరు మీరు?" అంటూ గొంతు పెంచింది. ఆ అరుపులకే, చర్చి నుంచి వస్తున్న జోయల్ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు. విషయం విని గోడకు ఆనుకున్నాడు.

"నీ ముఖం చూసే అడిగిన అక్కా ఆనాడు," అన్నాడు చివరికి. "నువ్వు చెప్తవనే అడిగిన. ఎవలెవలి మీదనో అనుమానపడ్డ. నీ మీద పడలే."

 భయమైంది అంది మహేశ్వరి. అప్పుడు జోయల్ కుర్చీ జరిపి ఆమెను కూర్చోమన్నాడు.

రుజువు ఏముందని ముగ్గురూ ఆలోచించారు. జీతం చేతికే ఇచ్చేవాడు కాబట్టి బ్యాంకు కాగితాలు లేవు. రిజిస్టర్లు మాయమయ్యాయి. ఉత్తరాన్ని ఇప్పటికే దొంగ కాగితమన్నారు. కృపారాణి ఇంకా మహేశ్వరి చేతుల వైపు, ఆమె సంచి వైపు అనుమానంగానే చూస్తోంది. ఇదంతా సేటు పన్నిన ఇంకో ఎత్తు కాదని ఎవరు చెప్పగలరు?

అప్పుడు మహేశ్వరి తన ఫోన్ తీసింది. సీజన్‌లో షెడ్డు ఫోన్‌కు ఊపిరి ఆడేది కాదు కాబట్టి మెకానిక్‌లకు తన సొంత ఫోన్ నుంచే మాటలు రికార్డు చేసి పంపేది. జోయల్ పేరు మీద నొక్కి పైకి పైకి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా అవి తరగడం లేదు. ఒకదాన్ని నొక్కింది.

"జోయల్, మహమ్మద్‌నగర్ల హన్మండ్లు పటేల్ మిషన్ పొలంల దిగబడ్డది. బెల్టు గూడ తెగినట్టున్నది. రెండు బెల్టులు పట్టుకొని జల్ది పో. మబ్బు పడుతున్నది."

ఆరేళ్ల కిందటి తన గొంతు. వెనక అవే సుత్తెల మోత. దాని కిందే జోయల్ పంపిన ఫోటో ఉంది, తెగిన బెల్టు, బురద చేతులు, కింద తేదీ. ఇంకోటి నొక్కింది. పోచారం దగ్గర ఒకరి మిషన్ చైను. ఇంకోటి. నాగిరెడ్డిపేటలో కట్టర్. పంట తర్వాత పంట, ఏడు తర్వాత ఏడు.

కృపారాణి మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. కాగితం తీసుకుని తేదీలు రాయడం మొదలుపెట్టింది. మూడు గంటలు పట్టింది. మొదటి ఏడాదివి మాత్రం దొరకలేదు, అప్పుడు మహేశ్వరి దగ్గర మామూలు ఫోన్ ఉండేది.

ఆ ఏడాది కోసం జోయల్, మహేశ్వరి కలిసి మహమ్మద్‌నగర్ పోయారు. హన్మండ్లు మొదటి హార్వెస్టర్ కొన్నప్పుడు దానికి కొబ్బరికాయ కొట్టిన ఫోటో ఇంట్లో గోడకే ఉంది, అందులో స్టీరింగ్ పక్కన గ్రీజు చొక్కాతో సన్నగా జోయల్ ఉన్నాడు. ఫోటో ఇవ్వడానికి ముసలాయనకు అభ్యంతరం లేదు కానీ, జోయల్ అప్పుడు షెడ్డులో పనిచేశాడని రాసిన కాగితం మీద సంతకం అనేసరికి వెనక్కి జరిగాడు.

"సంతకాలు పెట్టే ఒకపారి భూమి మీదికి తెచ్చుకున్న బిడ్డా. నాకు భయం," అన్నాడు. కోడలు సంజనతో ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. తన పొలం ఊసు ఎక్కడా లేదని తేలాకే పెట్టాడు.

*

ఇక మిగిలింది మహేశ్వరి రాసివ్వాల్సిన వాంగ్మూలం. కామారెడ్డి కోర్టు ముందు నోటరీ దగ్గర ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. ఫోన్ వచ్చిన తేదీ రాసింది. తాను చెప్పింది అబద్ధమని రాసింది. ఎందుకు చెప్పానో రాయాల్సిన చోట కలం ఆగింది.

"సేటు చెప్పుమన్నడని రాయి. లేకుంటే ఎవలు నమ్ముతరు?" అంది కృపారాణి.

"ఆయన పేరు వద్దు," అన్నాడు జోయల్. "నాకు పానా పట్టుడు నేర్పిందే ఆయన."

"గా పానా పట్టుకొనే ఇప్పుడు నీ బతుకు నట్టు ఇప్పుతున్నడు."

మహేశ్వరి ఇద్దరి మాటలూ విన్నది. సగం చెబితే ఆ సగం కూడా అనుమానంలోనే పడుతుందని ఆమెకు అనిపించింది. ఇన్నాళ్లూ జరిగింది అదే కదా. 'పనివాళ్ల సంఖ్య బయట చెప్పవద్దని మా యజమాని మాకు చెప్పి ఉన్నారు. అందువల్లనూ, మోసపు ఫోన్ అనే భయం వల్లనూ అలా చెప్పాను' అని రాసి సంతకం పెట్టింది.

నోటరీ కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు. "అమ్మా, సోయితోనే రాస్తున్నరా? నేను అబద్ధం ఆడిన అని రాసిచ్చినోళ్లను నేనింతవరకు చూడలే," అన్నాడు.

"సోయితోనే సార్."

మర్నాడు ఎవరో చెప్పేలోపల తానే రాజేశంకు చెప్పేసింది. అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. కౌంటర్ మీది ఫోన్ తీసి తన జేబులో వేసుకున్నాడు.

"జూన్ల జోయల్ ఇంటికొచ్చి ఉత్తరం అడిగిండు. కాదనలేక సంతకం పెట్టిన," అన్నాడు నేల చూస్తూ. "పెట్టినంక కండ్లకు నిద్ర లేదు. ఏడేండ్లు పనిచేసిండని నా చేత్తోనే రాసిచ్చిన గదా. రేపు గదే కాయితం పట్టుకొని లేబర్ ఆఫీసుకు పోతే? నువ్వు ఆ ఫోన్ సంగతి చెప్పంగనే, పోనీ తియ్, ఉత్తరం ఉత్తదైపోయింది అనుకున్న."

"రిజిస్టర్లు?"

"చింపి పాతసామాను కొనెటోనికి ఏసిన."

"జోయల్ గట్ల చేసెటోడు కాదు సేటు."

"మనుషులు ఎప్పుడెట్ల మారుతరో ఎవలకెరుక? నువ్వు మారలేదా?"

ఆమెను పనిలోంచి తీసేయలేదు. సీజన్ అది, ఏ బోల్టు ఏ డబ్బాలో ఉందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ కౌంటర్‌లో అతని అక్క కొడుకు ఆకాశ్ వచ్చి కూర్చున్నాడు. మహేశ్వరి సామాన్ల గదిలోకి మారింది. ఆమె ఎవరితో మాట్లాడినా రాజేశం ఏదో పని పెట్టుకుని అటు వచ్చేవాడు.

జోయల్ ఆ కాగితాలన్నీ గడువులోపలే వీసా ఆఫీసుకు పంపాడు. జనవరి చివర్లో షెడ్డు ముందు ఒక తెల్ల కారు ఆగింది. ఇద్దరు మనుషులు దిగారు, ఒకతనికి తెలుగు వచ్చు. వీసా ఆఫీసు తరఫున విచారణకు వచ్చామని గుర్తింపు కార్డులు చూపారు. రాజేశం ఆ కార్డులను వెలుతురులోకి తిప్పి తిప్పి చూశాడు. ఒక కార్డు మీది నంబరుకు ఆకాశ్‌తో ఫోన్ కూడా చేయించాడు. వాళ్లు ఓపికగా నిలబడ్డారు.

తెలుగు వచ్చినతను ఉత్తరం తీసి, "ఈ సంతకం మీదేనా?" అన్నాడు.

సామాన్ల గది గుమ్మంలో మహేశ్వరి నిలబడి ఉంది. రాజేశం తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. షెడ్డులో సుత్తెలు ఒక్కొక్కటే ఆగాయి, అందరూ చూస్తున్నారు. వాళ్లలో జోయల్‌తో ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు ముగ్గురున్నారు.

"నాదే," అన్నాడు రాజేశం చాలాసేపటికి.

"ఏడేళ్లు పనిచేశాడా?"

"చేసిండు. మంచి పనోడు. బురదల దిగే చైన్ మిషన్ల పని వానికొచ్చినంత ఈ చుట్టుపక్కల ఎవనికీ రాదు."

"మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది పనిచేస్తున్నారు?"

"ఇద్దరే," అన్నాడు రాజేశం, కన్నార్పకుండా.

తెలుగు వచ్చినతను షెడ్డు లోపల నిలబడ్డ ఆరుగురినీ ఒకసారి చూశాడు. అది తనకు సంబంధించిన సంగతి కాదన్నట్టు ఫైలు మూసి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. కారు కనుమరుగయ్యాక రాజేశం రోడ్డు మీదే నిలబడి, "వీళ్లు గా ఆఫీసోళ్లేనంటవా? లేబర్ ఆఫీసోళ్లు గిట్ల ఏషం ఏసుకొని రాలేదు గదా?" అని ఆకాశ్‌ను అడిగాడు.

మార్చిలో జోయల్‌కు వీసా వచ్చింది. ఆ మాట చెప్పడానికి అతనే మహేశ్వరికి ఫోన్ చేశాడు. ఏప్రిల్‌లో వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకే మహేశ్వరి కూడా షెడ్డు మానేసింది. తన వీపు మీద ఒకరి చూపు ఆనుకుని ఉంటే డబ్బాల మీద నంబర్లు కూడా తప్పుగా పడుతున్నాయి. ఎల్లారెడ్డిలోనే ఒక విత్తనాల దుకాణంలో కుదిరింది.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున కృపారాణి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఫోన్ చేయడం అదే మొదటిసారి. జోయల్‌కు అక్కడ చలి పడటం లేదట, పెద్ద పెద్ద మిషన్లట, పని మాత్రం ఇక్కడిలాగే ఉందట. 

"నేను గూడ సెప్టెంబరుల పోతున్న అక్కా," అంది తర్వాత. "నావి గూడ ఆసుపత్రిల ఐదేండ్లు పనిచేసినట్టు కాయితాలు కావాలె. మా మేనేజరమ్మ ఇస్త ఇస్త అంటున్నది గాని, ఆమె ముఖం చూస్తే నాకేందో నమ్మబుద్ధి అయితలేదు. జర నువ్వొకపారి నాతోని వస్తవా?"

మహేశ్వరి ఎన్ని గంటలకు రావాలో అడిగింది.